దస్త్రంలోని నేరం: రావుల్ హిల్‌బర్గ్ పరిశోధన పద్ధతి, పరిమితి

జాతి సంహారాన్ని పరిశోధించేవారు ఎవరి మాటను ప్రమాణంగా స్వీకరించాలి? చంపినవారి కాగితాలనా, చనిపోయినవారి సాక్ష్యాన్నా? రావుల్ హిల్‌బర్గ్ (1926–2007) కృషి యావత్తూ ఈ ప్రశ్నకు ఒక సమాధానం. వియన్నాలోని యూదు కుటుంబంలో జన్మించిన ఆయన 1939లో నాజీ పాలన నుండి తప్పించుకొని అమెరికా చేరారు. స్వయంగా బాధిత సమాజానికి చెందినవారైనా, తన ఆధారాలను మాత్రం నేరస్థుల కార్యాలయాలలోనే వెదికారు.

కొలంబియా విశ్వవిద్యాలయంలో ఫ్రాంజ్ నాయ్‌మన్ పర్యవేక్షణలో ఆరంభించిన సిద్ధాంత వ్యాసం 1961లో 'ఐరోపా యూదుల విధ్వంసం' అనే గ్రంథంగా వెలువడింది. ఎవరు యూదులో నిర్వచించడం, ఆస్తులు లాక్కోవడం, ఒకచోటికి చేర్చి నిర్బంధించడం, చివరకు సంహరించడం అనే క్రమాన్ని హిల్‌బర్గ్ అందులో నిరూపించారు. ఈ క్రమానికి ప్రత్యేకమైన ఒకే శాఖ అవసరం కాలేదనీ, ఉన్న శాఖలే తమ నిత్యవిధులను ఆ దిశగా విస్తరించుకున్నాయనీ ఆయన ప్రతిపాదన.

దీనికి రైల్వే శాఖ ప్రబల నిదర్శనం. మృత్యుశిబిరాలకు తరలించిన యూదులకు ఒకవైపు ప్రయాణానికి ఛార్జీ కట్టారు. పదేళ్లలోపు పిల్లలకు సగం, నాలుగేళ్లలోపు వారికి ఉచితం. క్లాడ్ లాంజ్‌మన్ చిత్రం 'షోఆ' (1985)లో హిల్‌బర్గ్ ఒక రైలు పట్టికను చేతబట్టి వివరిస్తారు. ట్రెబ్లింకాకు నిండుగా వెళ్లిన రైలు ఖాళీగా తిరిగి వస్తుంది. ఆ కాగితంపై 'రహస్యం' అన్న ముద్ర సైతం లేదు. హత్య సాధారణ పాలనా వ్యవహారంగా మారిందనడానికి ఇంతకు మించిన ఆధారం అరుదు.

అయితే ఈ బలంలోనే లోపమూ ఉంది. ప్రధానంగా జర్మన్ పత్రాలపై ఆధారపడిందనీ, యూదుల ప్రతిఘటనను తక్కువగా అంచనా వేసిందనీ ఆక్షేపిస్తూ జెరూసలేంలోని యాద్ వషేమ్ సంస్థ 1958లోనే ఆ రచన ప్రచురణకు నిరాకరించింది. ఆక్షేపణలోని రెండవ అంశం నిరాధారం కాదు. పాలకుని దస్త్రంలో పాలితుడు సంఖ్యగానే కనిపిస్తాడు. వార్సా ఘెట్టోలో ఎమాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్ బృందం రహస్యంగా సేకరించి పాతిపెట్టిన పత్రాలు 1946లోనూ 1950లోనూ బయటపడ్డాయి. అవీ కాగితాలే; కానీ వాటిని రాసింది బాధితులు. కనుక దోషం పత్రాన్ని ప్రమాణంగా స్వీకరించడంలో లేదు, ఎవరి పత్రమన్న ఎంపికలో ఉంది.

హిల్‌బర్గ్ ఈ దిశగా కొంత కదిలారు. వార్సా యూదు మండలి అధ్యక్షుడు ఆడమ్ చెర్నియాకువ్ దినచర్య ఆంగ్లానువాదానికి 1979లో సహసంపాదకత్వం వహించారు. సామూహిక తరలింపు మొదలైన మరునాడు, 1942 జులై 23న, చెర్నియాకువ్ ఆత్మహత్య చేసుకున్నాడు. అయినా ఈ ఎంపిక సైతం హిల్‌బర్గ్ స్వభావాన్నే సూచిస్తుంది: బాధితులలోనూ ఆయన దృష్టిని నిలిపింది ఒక కార్యనిర్వాహకుడే.

హత్య ఎలా జరిగిందో తెలియజేయడంలో హిల్‌బర్గ్ పద్ధతి నేటికీ అనివార్యం. హతులు ఎవరో, ఎలా జీవించారో తెలియజేయడానికి మాత్రం అది చాలదు. హంతకుని దస్త్రాన్నీ హతుని దినచర్యనూ పక్కపక్కన పెట్టి చదవడమే ఆయన మిగిల్చిన కర్తవ్యం.