ఇగము, చలిగాలి, చలిపులి: తీవ్రశీతమును దెలుపు మాటల పరిశీలనము

తెలుగునాడు ఎండలు మెండుగాగల నేల. ఇచ్చట చల్లదనము కోరదగిన గుణము. పెద్దలు పిన్నలను ‘చల్లగా నుండు’ మని దీవింతురు. చల్లని చూపు, చల్లని తల్లి, కడుపు చల్లగా నుండుట మున్నగు పలుకుబళ్లన్నింటను ఆ మాట శుభమునే తెలుపుచున్నది. ఇట్టి భాషలో శీతము బాధాకరమైనపుడు జనులు దాని నేమని చెప్పుదురు? పత్రికలును అధికార ప్రకటనలును వాడు మాటలు ఆ బాధను సరిగా తెలుపుచున్నవా? ఈ రెండు ప్రశ్నలను సంగారెడ్డి జిల్లాలోని గుమ్మడిదల ప్రాంతమును దృష్టియందుంచుకొని విచారింపదలచితిమి.

గుమ్మడిదల 2016లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణమున మండలకేంద్రమైనది. అంతకు మున్ను అది మెదక్ జిల్లా జిన్నారం మండలములోనిది. హైదరాబాదునుండి నర్సాపూర్ మీదుగా మెదక్ పోవు త్రోవలో నున్న ఈ ఊరికి ఒకవంక అడవి, వేరొకవంక బొల్లారం, పటాన్‌చెరు పారిశ్రామిక వాడలు. తెల్లవారుజామున పొలమునకు పోవు రైతును, రాత్రిపని ముగించి వచ్చు కర్మాగారపు కూలియు ఒకే త్రోవలో ఎదురుపడు ప్రాంత మిది. సముద్రమునకు దూరమైన పీఠభూమి యగుటచే శీతకాలపు రాత్రులు ఇచ్చట మిక్కిలి చల్లబడును. ఈ జిల్లాలోని కోహీరు కనిష్ఠోష్ణోగ్రతల వార్తలలో తరచు కనబడుచుండును. హైదరాబాదు బేగంపేటలో 1946 జనవరి 8వ తేదీన 6.1 డిగ్రీలు నమోదైనది. కావున తీవ్రశీత మీ నేలకు క్రొత్త కాదు. దానికి పేరు లేకపోవుటయు సంభవింపదు.

ఆ పేరు తెలంగాణపు పల్లెలలో ‘ఇగము’, వాడుకలో ‘ఇగం’. హిమము ప్రకృతి, ఇవము, ఇగము వికృతులు. పదాదియందలి హకారము లోపించుటకు హంస అంచ యగుట సాక్ష్యము. మకారము వకారమగుటకు చామరము సవరమగుటయు, వకారగకారములు మారుటకు పవడము పగడమగుటయు నిదర్శనములు. శబ్దముకంటె అర్థపరిణామము మరింత గమనింపదగినది. కావ్యములలో హిమము దూరపు కొండమీది వస్తువు. మనుచరిత్రలో ప్రవరుని పాదలేపమును కరగించినది హిమాలయపు మంచునీరే. మంచు కురియని మన నేలమీద ఆ శబ్దమే వికృతియై, కొండను విడిచి, మనుష్యుని చర్మమునకు తగులు చలిగా మారినది. తత్సమము వర్ణనమునకు, తద్భవము అనుభవమునకు మిగిలినవి.

ఇట్టి విచారమున ఊరిపేళ్ల యాకర్షణకు లోబడరాదు. గుమ్మడిదల మండలములోనే వీరభద్రస్వామి క్షేత్రమైన బొంతపల్లి కలదు. చలికి కప్పుకొను బొంతతో ఆ పేరును ముడిపెట్టుట సులభము. కాని బొంతజెముడను మొక్కయు కలదు. శాసనాధారము లేనిదే ఒకదానిని గ్రహించి మరొకదానిని త్రోసిపుచ్చుట శాస్త్రము కాదు.

నామముతోపాటు క్రియలును పరిశీలింపదగినవి. కోస్తావాసులు ‘చలి వేయుచున్న’ దన్నచోట తెలంగాణమున ‘సలి పెడుతున్న’ దందురు. తీవ్రతను తెలుపుటకు జనులు అంకెలను వాడరు. దేహమునే కొలమానముగా వాడుదురు. మొదట జివ్వుమనును, పిమ్మట వణకు పుట్టును, అది హెచ్చినపుడు గజగజ, గడగడ అను ధ్వన్యనుకరణములు వచ్చును, అటుపై వ్రేళ్లు కొంకరలు పోవును, చివరకు చలి ఎముకలను కొరుకును. చర్మమునుండి ఎముకవరకు సాగు ఈ క్రమము ఒక ప్రమాణపట్టికకు తీసిపోదు. కొంకరలు పోయిన చేయి పనిముట్టును పట్టజాలదని విన్నవాడు వెంటనే గ్రహించును.

ఇక అధికార పరిభాష. భారత వాతావరణశాఖ ప్రమాణము ననుసరించి, మైదానప్రాంతమున కనిష్ఠోష్ణోగ్రత 10 డిగ్రీలు గాని అంతకు తక్కువ గాని యై, సాధారణముకంటె 4.5 నుండి 6.4 డిగ్రీలవరకు తగ్గినచో అది ‘కోల్డ్ వేవ్’, 6.4కు మించి తగ్గినచో తీవ్రమైనది. సాధారణముతో నిమిత్తము లేకయే 4 డిగ్రీలకు దిగినను కోల్డ్ వేవే. 2 డిగ్రీలకు దిగినచో తీవ్రము. ఈ నిర్వచనమున గాలి వేగమునకు తావే లేదు. అయినను తెలుగు పత్రికలలో ఇది ‘చలిగాలులు’, ‘శీతలగాలులు’ అయినది. వడగాడ్పునకు సాదృశ్యముగా ఈ మాట కుదిరినదని మా యూహ. వేసవిలో గాడ్పు నిజముగనే వీచును. శీతకాలమున ఉత్తరపు పొడిగాలి చలిని తెచ్చుట నిజమే యైనను, మిక్కిలి చల్లని రాత్రులు తరచు ఆకాశము నిర్మలమై, గాలి యాగిన రాత్రులే. అపుడు నేల తన వేడిమిని పైకి వెడలగ్రక్కి తెల్లవారువరకు చల్లబడుచుండును. గాలి లేదుగదా యని ఆరుబయట పరుండువానిని ‘చలిగాలి’ యను మాట హెచ్చరింపజాలదు. ‘ఇగం పెడుతున్న’ దనుటలో గాలి ప్రసక్తి లేదు. ఈ విషయమున పల్లెమాటయే శాస్త్రమునకు దగ్గరగా నున్నది.

‘చలిపులి పంజా’ యను శీర్షికను పాఠకులెల్లరు నెరుగుదురు. రూపకముగా అది తొలుత అందమైనదే. ఏటేట వాడగా అరిగిపోయినది. అరుగుదలకంటె పెద్ద దోషము వేరొకటి కలదు. పులి కనబడి మీదపడును. ఈ చలి కనబడక మెల్లమెల్లగా దిగును. పులికి ధనికుడు, దరిద్రుడు అను భేదము లేదు, చలికి కలదు. తలుపున్న యింటివానిని విడిచి, రేకులషెడ్డులోని వలసకూలిని, కాపలావానిని, ముసలివారిని, పసివారిని పట్టును. ఎండచే కలుగు అపాయమునకు ‘వడదెబ్బ’ యను స్థిరమైన పేరున్నది. చలిచే కలుగు అపాయమునకు అంత స్థిరమైన మాట కుదురలేదు. పేరులేని మరణము లెక్కకు రాదు. కావున ఇది కేవల శబ్దచర్చ కాదు.

మా వాదమునకు రెండు ఆక్షేపణలు రావచ్చును. ఇగము ప్రాంతీయమనునది మొదటిది. నిజమే, కోస్తాలో అనేకుల కది తెలియదు. ఈ పారిశ్రామిక వాడలకు బీహారు, ఒడిశాలనుండి వచ్చిన కూలీలకును తెలియదు; హిందీవారి ‘శీత్‌లహర్’లో మరల అలయే కలదు. జనుల మాట కొలతకు లొంగదనునది రెండవది. ఇదియు కొంత నిజమే. ‘శివరాత్రికి చలి శివశివా యని పోవు’ నను సామెత మాఘబహుళ చతుర్దశినాటికి శీతము తగ్గునని ఋతుక్రమమును చెప్పునేగాని, ఈ రాత్రి జాగ్రత్తపడు మని చెప్పదు. కావున అంకెలను త్రోసివేయు మనుట మా యుద్దేశము కాదు. అంకెప్రక్కన దేహమునకు తెలియు మాట నుంచవలెనని మాత్రమే మా మతము.

ఇందుకై పరిశోధక విద్యార్థులు చేయదగిన పని కలదు. చలిమాటలను నిఘంటువునందువలె అకారాదిగా పేర్చినంత మాత్రమున చాలదు. ఎవరు, ఏ నెలలో, ఏ జామున, గాలి యున్నపుడా లేనపుడా, మంచు పడినపుడా పడనపుడా ఆ మాట ననిరో కూడ వ్రాసికొనవలెను. ఆ తేదీనాటి ఉష్ణోగ్రతను దాని సరసన చేర్చవలెను. గొంగడి కప్పుకొను గొర్రెలకాపరి మాటను, కుంపటి ముందరి ముసలమ్మ మాటను, కర్మాగారపు ద్వారమున నెగడు వేసికొను కాపలావాని మాటను వేరువేరుగా సేకరింపవలెను. అట్టి పట్టిక సిద్ధమైననాడు ఇగము ఎన్ని డిగ్రీలవద్ద మొదలగునో, కొంకరలు ఎన్నింటివద్ద వచ్చునో చెప్పగలుగుదుము. ఆనాడు హెచ్చరిక వ్రాయువానికి పులితో పనియుండదు.