నీళ్లకి కళ్లున్న సినిమా

బొమ్మల సినిమా అంటే పిల్లల్ని ఓ గంటన్నర కదలకుండా కూర్చోబెట్టే సాధనమనీ, ఆ గంటన్నరలో మనం పప్పులో పోపు వేసుకుని, ఆరిన బట్టలు మడతపెట్టుకోవచ్చనీ నాకో గట్టి నమ్మకం ఉండేది. మొన్న సంక్రాంతి సెలవుల్లో అది కాస్తా పోయింది.

మా చెల్లెలి కూతురు, ఎనిమిదేళ్ల పిల్ల, బందరులో మా ఇంటికొచ్చింది. "పెద్దమ్మా, పోన్యో చూద్దాం" అని ఒకటే గోల. జపానులో ఘిబ్లీ స్టూడియో వారు తీసిన చిత్రమది. 2008లో వచ్చింది. రచనా దర్శకత్వాలు హయావో మియజాకివి. కథ చిన్నదే. ఓ సముద్రపు చేపపిల్ల, ఒడ్డున కొండమీదుండే సోసుకే అనే అయిదేళ్ల కుర్రాడితో స్నేహం కట్టి, మనిషిపిల్లని అయిపోవాలనుకుంటుంది. అనుకోవడమేమిటి, అయి కూర్చుంటుంది కూడాను! దాంతో లోకం లెక్క తప్పి, సముద్రం ఊరిమీదికి వచ్చిపడుతుంది.

అక్కడికి వచ్చేసరికి నాకు గుండె ఝల్లుమంది. పక్కన పడక్కుర్చీలో మా అమ్మమ్మ ఉంది. ఆవిడ కాపురం చేసింది దివిసీమలో, నాగాయలంక దగ్గర ఓ పల్లెలో. 1977 నవంబరు 19న వేలమందిని మింగిన ఉప్పెన ఆవిడ ఇంటిమీద నుంచే పోయింది. అప్పటికి నేనింకా పుట్టలేదు. అమ్మమ్మ పిల్లల్తో బయటపడి గుడివాడలో తమ్ముడి పంచన చేరింది. కాళ్లు పడిపోయి మంచంలో ఉన్న వాళ్ల అత్తగారు మాత్రం మంచంతో సహా పోయింది. ఈ సంగతి ఆవిడ నాకు ఇన్నేళ్లలో రెండుసార్లు చెప్పిందేమో, అంతే.

"ఆపెయ్యనా అమ్మమ్మా?" అన్నాను.

"ఉండనీవే" అంది.

మియజాకి ఆ ఉప్పెనని ఉత్త నీళ్లలా గియ్యలేదు. ఒక్కో కెరటం ఒక్కో పెద్ద నీలం చేప. దానికి కళ్లు. ఆ చేపల వీపులమీద పోన్యో నవ్వుతూ పరుగెత్తుకొస్తుంటే, పక్కనే కొండదారిలో సోసుకే తల్లి కొడుకుని కూర్చోబెట్టుకుని కారు తోలుకుపోతుంది. ఈ చిత్రానికి దాదాపు 1,70,000 బొమ్మలు చేత్తో గీశారు.

చూడ్డానికి అద్భుతమే. కానీ నాకు ఒళ్లు మండింది. తెల్లారేసరికి ఊరంతా నీళ్లకింద ఉంటుంది. జనం మాత్రం పడవల్లో తిరనాళ్లకి బయల్దేరినట్టు హుషారుగా ఉంటారు. ఒక్క శవం లేదు. ఒక్క గొడ్డు కొట్టుకుపోలేదు. పిల్లలకి చూపించాలంటే మాత్రం ఇంత అబద్ధమాడాలా? ఈ మాటే రాయాలని మనసులో విమర్శ మొదలుపెట్టేశాను.

అంతలో అమ్మమ్మ అంది: "నీళ్లకి కళ్లుంటయ్యే. మమ్మల్ని చూసుకుంటానే వచ్చినయ్."

ఉప్పెన గురించి నేను చదివిన కాగితాల్లో కెరటం ఎత్తు ఉంది, పోయినవాళ్ల లెక్క ఉంది. ఈ మాట ఎక్కడా లేదు.

కాసేపాగి, "ఆ ముసలాళ్లేమయ్యారే?" అని అడిగింది. చిత్రంలో సోసుకే తల్లి పనిచేసే వృద్ధుల ఆశ్రమం ఒకటుంది. అందులో చక్రాల కుర్చీల్లో కూర్చునే ముసలమ్మలున్నారు. మనిషి మొహమున్న చేప ఒడ్డుకొస్తే ఉప్పెన వస్తుందని వాళ్లలో తోకీ అనే ఆవిడ ముందే మొత్తుకుంటుంది. ఎవరూ వినరు. అమ్మమ్మకి మొదట్నుంచీ ఆవిడంటేనే నమ్మకం.

ఆ ముసలమ్మలంతా నీళ్ల అడుగున కనిపించారు. కుర్చీలొదిలేసి, చిన్నపిల్లల్లా పరుగులు పెడుతున్నారు.

అమ్మమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, "మా అత్త కూడా పరిగెత్తిందేమోలే. పిల్లకి అన్నం పెట్టు" అంది.

నేను మనసులో రాసుకున్న విమర్శ అక్కడితో ఆగిపోయింది. అదే దృశ్యం నటులతో తీసి ఉంటే మనం నవ్వి ఊరుకునేవాళ్లం. కెమెరా 'ఇది జరిగింది' అంటుంది. గీత అలా అనదు. 'ఇలా అయి ఉంటే?' అంటుంది. అందుకే ముసలమ్మల పరుగుని అమ్మమ్మ కాదనలేకపోయింది.

అలాగని చిత్రంలో లోపాలు లేవనను. రెండో సగం వదులైంది. లోకం లెక్క ఎందుకు తప్పిందో పోన్యో తండ్రి చెప్పే మాటలు నాకే అర్థం కాలేదు, పిల్లకేమవుతాయి? సోసుకే ప్రేమకి పెట్టిన పరీక్ష కూడా ఓ ప్రశ్న, ఓ జవాబుతో తేలిపోతుంది. పైగా పోయినవాళ్లు పోయినట్టే కదా?

ఆ సంగతి ఘిబ్లీ వారికీ తెలుసు. 1988 ఏప్రిల్ 16న వాళ్లు రెండు చిత్రాల్ని జంటగా విడుదల చేశారు. ఒకటి మియజాకి 'టొటొరో', పిల్లల పండగ. రెండోది ఇసావో తకహాతా తీసిన 'మిణుగురుల సమాధి'. యుద్ధంలో తల్లిని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్లు ఆకలితో ఆరిపోయే కథ. అన్న చనిపోవడంతోనే మొదలవుతుంది. దాన్లో ఓదార్పు లేదు, లెక్క అప్పజెప్పడమే ఉంది. అమ్మమ్మ దాన్ని చూడనంది. "తెలిసిందేగా" అంది. నాకు మాత్రం రెండూ కావాలి.

మరి మనకో? 2006లో 'కిట్టు' అనే కోతిపిల్ల చిత్రం వచ్చింది. 2025లో 'మహావతార్ నరసింహ' తెలుగులోనూ హాళ్లు నింపింది. స్తంభం పగిలినప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను. కానీ మన బొమ్మల సినిమాకి దేవుడో కోతో ఉండాల్సిందేనా? మంచంమీది ముసలమ్మ పనికిరాదా? గీసే చేతులకి కరువా అంటే, బందరు నుంచి గుడివాడ వెళ్లే రైలు కలంకారీ అద్దే పెడనలోనే ఆగుతుంది. తోలుబొమ్మల్ని తెరమీద ఆడించిన జాతి మనది. 1926లోనే లోటె రైనిగర్ అనే జర్మను వనిత కత్తిరించిన నీడబొమ్మలతో పూర్తి నిడివి చిత్రం తీసింది. ఆ విద్య మనకి కొత్తేం కాదు.

దివిసీమ ఉప్పెనని ఎవరైనా గియ్యాలి. కెరటానికి కళ్లెలా ఉంటాయో చెప్పేందుకు మనుషులింకా ఉన్నారు. మా అమ్మమ్మకి ఎనభై ఎనిమిదేళ్లు. గీసేవాళ్లు కాస్త త్వరగా మొదలుపెడితే బాగుండును.