ఒక్క తల తేడాలో...

టాంగో అనగానే మన కళ్ళముందు ఒక జంట కదులుతుంది. వయొలిన్లు మూలుగుతుంటాయి, అడుగులో అడుగు పడుతుంటుంది. ఆ ఊహకి తగ్గ పాట ఏదయ్యా అంటే చాలామంది 'పోర్ ఊనా కబేసా' పేరే చెబుతారు. 1992లో వచ్చిన 'సెంట్ ఆఫ్ ఎ ఉమన్' చిత్రంలో, చూపు పోయిన మాజీ సైనికాధికారిగా అల్ పచీనో ఓ అమ్మాయితో నాట్యం చేసింది ఈ బాణీకే. మరుసటి ఏడు 'షిండ్లర్స్ లిస్ట్'లోనూ వినిపించింది. రెండుచోట్లా మాటల్లేవు, ఉత్త వాద్యాలే. ఇంకేం, అదొక తియ్యటి ప్రేమగీతం అయి కూర్చుంది!

తీరా మాటలు చూద్దుమా, అది గుర్రప్పందాల పాట.

కబేసా అంటే తల. పాట పేరుకి అర్థం 'ఒక్క తల తేడాతో' అని. ఆ తల ప్రియురాలిది కాదండోయ్, గుర్రానిది. రెండు గుర్రాలు ఇంచుమించు ఒకేసారి గీత దాటితే గెలుపుని అలా కొలుస్తారు. పాటలోని మనిషి నమ్ముకున్న గుర్రం సరిగ్గా గీత దగ్గర నెమ్మదించి ఓడిపోతుంది. పైగా వెనక్కి వస్తూ, జూదం మానమని అతనికే హితవు చెబుతున్నట్టుంటుంది.

రాసినవాడు ఆల్ఫ్రెడో లె పెరా. స్వరపరిచి పాడినవాడు అర్జెంటీనా ఆరాధ్య గాయకుడు కార్లోస్ గార్దెల్. 1935లో 'టాంగో బార్' సినిమా కోసం న్యూయార్క్‌లో తయారైన పాట ఇది. గార్దెల్‌కి గుర్రాల పిచ్చి నిజంగానే ఉండేది. 'లునాతికో' అని సొంత గుర్రం ఉండేది, పేరుమోసిన జాకీ లెగిసామో అతనికి ప్రాణమిత్రుడు. అందుకేనేమో, ఆ గొంతులో జూదరి బాధ అరువు తెచ్చుకున్నట్టుండదు. అదే ఏడు జూన్ 24న కొలంబియాలోని మెదెయిన్‌లో జరిగిన విమాన ప్రమాదంలో కవీ గాయకుడూ ఇద్దరూ పోయారు.

మరి ప్రేమ ఎక్కడుందంటారా? ఉంది. నవ్వుతూ ప్రమాణాలు చేసి మాట తప్పే ఓ అమ్మాయి ఉంది. ఆమె దగ్గరా అతను తల తేడాతోనే ఓడాడట! ఆడదాన్నీ గుర్రాన్నీ ఒకే తక్కెట్లో తూచడం నాకు రుచించలేదు. ఆమెకి పాటలో నోరే లేదు. అయితే ఒకటి గమనించండి: ఇదంతా జూదరి చెప్పుకుంటున్న కథ. ఓసారి గుర్రం ముంచిందంటాడు, ఓసారి ఆడది ముంచిందంటాడు. పందెం కాసిన చెయ్యి మాత్రం తనదే. లె పెరా అతన్ని వెనకేసుకురాలేదు, తిట్టనూ లేదు. మాట్లాడనిచ్చి ఊరుకున్నాడు, అంతే.

బాణీ కూడా అంతే. మొదట హుషారుగా సాగి, పాట పేరు వచ్చే చోట ఉన్నట్టుండి విషాదంలోకి తిరుగుతుంది. సినిమాల్లో మనం మోహావేశం అనుకునే ఘట్టం అదే. మాటల్లో అక్కడున్నది, ఆమె మరిచిపోతే తన బతుక్కి అర్థమేమిటన్న దిగులు. మాటలు తీసేసిన వాద్యగోష్ఠి నాకూ ఇష్టమే, కానీ అందులో ఈ మనిషి లేడు.

చివరి చరణంలో అతను ఒట్టేసుకుంటాడు, ఇక పందాల జోలికి పోనని. మన పేకాటరాయుళ్ళ 'ఇదే ఆఖరాట' లాంటి ఒట్టే! ఆ వెంటనే, ఆదివారం ఖాయంగా గెలిచే గుర్రం ఒకటి కనిపిస్తే ఉన్నదంతా ఒడ్డేస్తానంటాడు. లె పెరా పాటని అక్కడే ఆపేశాడు.