కందకం ఆవలి చూపు: జంతుప్రదర్శనశాలలు – బాలసందర్శకులు

జంతుప్రదర్శనశాలను వినోదస్థలంగా పరిగణించడం పరిపాటి. నిజానికి అది పిల్లలకు చూడటం నేర్పే సంస్థ. ఏది చూడదగినది, ఎంత దూరం నుంచి చూడాలి అన్న పాఠాలు అక్కడ మాటలకన్న ముందు నిర్మాణం ద్వారానే అందుతాయి. ఆ నిర్మాణ చరిత్రలో జర్మనీది ముఖ్యస్థానం.

జర్మనీలో మొదటి జంతుప్రదర్శనశాల 1844లో బెర్లిన్‌లో ప్రారంభమైంది. జంతువర్తకుడు కార్ల్ హాగెన్‌బెక్ 1907లో హాంబర్గు సమీపాన స్టెలింగెన్‌లో తెరచిన ఉద్యానం ఊచలకు బదులు కందకాలను ప్రవేశపెట్టింది. బంధనం తొలగలేదు, కంటికి కనబడకుండా పోయింది. ఇదే హాగెన్‌బెక్ 1875లో సామీ ప్రజలతో మొదలుపెట్టి పలు ప్రాంతాల మనుషులనూ ప్రదర్శనకు పెట్టాడు. మృగాన్ని చూసే కంటితోనే మనిషినీ చూడమని పిల్లలకు నేర్పిన ప్రదర్శన అది. కనుక కందకాన్ని కేవలం కరుణకు గుర్తుగా చదవడం అసమగ్రం.

ఆ కందకం మనదాకా వచ్చింది. ఢిల్లీ జంతుప్రదర్శనశాల కోసం 1956లో ప్రాథమిక ప్రణాళిక ఇచ్చిన కార్ల్ హైన్రిక్ హాగెన్‌బెక్ కందకాలనే సూచించాడు. 1963లో ప్రారంభమైన హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలోనూ ఆ పద్ధతి కనిపిస్తుంది. విజయవాడ, గుడివాడ, బందరు బడిపిల్లలకు జూ అంటే హైదరాబాదో, 1977 నాటి విశాఖపట్నం ప్రదర్శనశాలో. విహారయాత్రలో ఒక పూట సింహాన్నీ జిరాఫీనీ చూసి వస్తారు.

అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. కృష్ణ సముద్రంలో కలిసేచోట మడ అడవుల్లో, నీటిలో దిగి చేపలు పట్టే బావురుపిల్లి ఉంది. రొయ్యల చెరువుల విస్తరణ దాని నెలవుకు ముప్పు. కొల్లేటి తీరాన ఆటపాకలో గూడబాతులు గూళ్లు కడతాయి. జిరాఫీని ఇట్టే గుర్తుపట్టే దివిసీమ పిల్లవాడికి బావురుపిల్లి పేరైనా తెలియకపోతే, లోపం పిల్లవాడిది కాదు, ఆ చూపుకు లభించిన శిక్షణది.

అంతమాత్రాన ప్రదర్శనశాలలు అనవసరమని కాదు. పేదపిల్లలు పులిని కళ్లారా చూడగలిగే చోటు దాదాపు అదొక్కటే. ఫ్రాంక్‌ఫర్ట్ జంతుప్రదర్శనశాల సంచాలకుడు బెర్న్‌హార్డ్ గ్రిజిమెక్ 1956 నుంచి టెలివిజన్ ద్వారా ప్రేక్షకుల దృష్టిని అడవివైపు మళ్లించాడు. అయితే అతడు ఊహించిన సెరెంగెటిలో మాసాయి పశుపాలకులకు చోటు లేదు. కొల్లేరులో 2006లో చేపల చెరువుల గట్లు తెంచినప్పుడు మనకూ ఎదురైనది ఇటువంటి సంఘర్షణే: పక్షి నెలవా, మనిషి జీవికా?

కనుక డెల్టా పిల్లలకు కావలసినది మరొక కందకం కాదు. బావురుపిల్లినీ, రొయ్యల చెరువు మీద బతికే కుటుంబాన్నీ ఒకే దృశ్యంలో చూడగల చదువు. ఆ చదువును పాఠ్యాంశంగా రూపొందించే బాధ్యత మన విద్యాసంస్థలది.