ఉత్కంఠాంతం: 'కన్యాశుల్కం' నుండి 'బాహుబలి' వరకు

ముగింపులో ప్రశ్న మిగలడం తెలుగు ప్రేక్షకునికి కొత్త కాదు. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైన 'కన్యాశుల్కం' తన 1909 నాటి రూపంలో గిరీశం భంగపాటుతో ముగుస్తుంది. బుచ్చమ్మను పూనా వితంతు శరణాలయానికి పంపాలన్న నిర్ణయం జరుగుతుంది. ఆపై ఆమె బ్రతుకేమైనదో గురజాడ చెప్పలేదు. అయినా అది తరువాయి భాగాన్ని కోరే ముగింపు కాదు. ఆ ప్రశ్న నాటకం దాటి సమాజానికి సంక్రమించింది.

2015 జూలై 10న విడుదలైన 'బాహుబలి' మొదటి భాగం ముగింపు వేరు తరహాది. ఇక్కడ దాచినది భవిష్యత్తును కాదు, గతాన్ని. చంపినది కట్టప్ప అని తెలుసు, హేతువే తెలియదు. 2017 ఏప్రిల్ 28న రెండవ భాగం వచ్చేవరకు ఆ ప్రశ్న జనం నోట నానింది. దాని బలమంతా దాపరికానిదే అనడం పాక్షిక సత్యం. అస్లాంఖాన్ విముక్తి కల్పిస్తానన్నపుడు, పూర్వులిచ్చిన మాట వలన తాను సింహాసనానికి బానిసనని కట్టప్ప మొదటి భాగంలోనే చెబుతాడు. (ఆ సన్నివేశాన్ని చాలామంది సరదా ఘట్టంగానే చూసి ఉంటారు.) శివగామి ఆజ్ఞ వెల్లడి కాగానే ఆ మాటే హత్యకు మూలమవుతుంది. అంటే సగం సమాధానం ప్రశ్నకంటే ముందే పుట్టింది. కాలకేయ యుద్ధం కూడా అక్కడే పరిసమాప్తం కావడంతో ప్రేక్షకుడు వట్టి చేతులతో వెనుదిరగలేదు. నష్టపోయినది శివుడే. రెండవ భాగంలో అధికభాగం గతానికే వెచ్చించడం వలన అతని ప్రతీకారం హడావిడిగా ముగిసింది.