సున్నా కూర్చున్న చోటు

విమానం దారి తప్పిందనగానే మబ్బులూ గాలివానా మనసులో మెదలడం సహజమే గానీ, పేరుమోసిన కొన్ని దారితప్పులకు పుట్టుక నేల మీదే, ప్రయాణికులు ఇంకా సామాన్లు పైఅరల్లో సర్దుకుంటుండగానే జరిగిపోయింది. బయలుదేరడానికి ముందు కాక్‌పిట్‌లో సాగే పని చాలావరకు పద్దులు రాసే గుమాస్తా పనిని పోలి ఉంటుంది. కాగితం మీద ఉన్న అంకెలను ఒకరు యంత్రంలోకి ఎక్కిస్తే, మరొకరు అవి సరిగా ఎక్కాయో లేదో చూస్తారు. వైమానిక పరిభాషలో క్రాస్‌చెక్ అనే ఈ రెండో పనిని పైలట్లు ఎన్ని వేల సార్లు చేసినా, అది నిజంగా జరిగిందా, జరిగినట్టు అనిపించిందా అన్నది బయటికి ఒకేలా కనిపిస్తుంది.

1989 సెప్టెంబరు 3న బ్రెజిల్‌లోని మరబా నుంచి ఉత్తరాన ఉన్న బెలెంకు బయలుదేరిన వరిగ్ సంస్థ 254వ నంబరు విమానం విషయంలో తేడా వచ్చింది ఒక్క సున్నా దగ్గరే. దిక్కును డిగ్రీలలో చెప్పేటప్పుడు ఉత్తరం నుంచి లెక్క మొదలై తూర్పు 90, దక్షిణం 180, పడమర 270 అవుతాయి. విమానం ముక్కు ఎటు చూడాలో తెలిపే ఈ సంఖ్యనే హెడింగ్ అంటారు. కంప్యూటరు ముద్రించిన ఆ రోజు ప్రణాళికలో హెడింగ్ 0270 అని నాలుగు అంకెల్లో ఉంది. చివరి అంకె డిగ్రీలో పదో వంతును సూచిస్తుంది కనుక దాన్ని 27 డిగ్రీలుగా, అంటే ఉత్తరానికి కొంత తూర్పుగా చదవాలి. కానీ అక్కడ దశాంశ బిందువు లేదు. పాత తరం బోయింగ్ 737 కాక్‌పిట్‌లో హెడింగ్‌ను మూడు అంకెల్లోనే పెట్టే వీలుండటంతో, కెప్టెన్ ముందున్న సున్నాను వదిలేసి 270 పెట్టాడు. బడి లెక్కల నుంచి బ్యాంకు పద్దుల దాకా సంఖ్యకు ముందున్న సున్నాకు విలువ లేదనే అందరూ నేర్చుకుంటారు కాబట్టి, ఆ కాగితాన్ని రూపొందించినవారు పైలట్ నుంచి కోరింది జీవితకాలపు అలవాటుకు ఎదురీదడమేనని చెప్పక తప్పదు.

అయితే తప్పును పట్టుకోవలసిన రెండో మనిషి ఉండనే ఉన్నాడు. విమానం చుట్టూ తిరిగి బయటి భాగాలను పరీక్షించి కాక్‌పిట్‌లోకి వచ్చిన కో-పైలట్, ప్రణాళిక కాగితాన్ని విప్పి చూడడానికి బదులు, కెప్టెన్ వైపున్న పరికరంలోని 270ని చూసి తన పరికరంలోనూ అదే పెట్టాడు. రెండు పరికరాలూ పూర్తిగా ఏకీభవించాయి. పరీక్షలో పక్కవాడి జవాబును దించుకున్న విద్యార్థి జవాబు ఏకీభవించినట్టే. సరిచూడడంలో బలమంతా రెండు కళ్లు రెండు వేర్వేరు ఆధారాలను చూడడంలో ఉంది తప్ప, చూసే మనుషుల సంఖ్యలో లేదు.

సాయంత్రం 5 గంటలు దాటాక ఆ విమానం బయలుదేరింది. బెలెం వైపు వెళ్లేవారికి ఆ వేళ పొద్దు ఎడమ చేతి వైపు ఉండాలి, కానీ అది దాదాపు ఎదురుగా కుంగుతూ కనిపించి ఉండాలి. గడియారం లేకుండా నీడను చూసి వేళ చెప్పే రైతుకూ, ఈశాన్యం ఏ మూలో తేలనిదే పునాది తీయనివ్వని గృహస్థుకూ ఇది వింతగా తోచవచ్చు గానీ, పరికరాన్ని నమ్మి బతికే వృత్తిలో కిటికీలోంచి కనిపించేది సాక్ష్యంగా కాక దృశ్యంగా మిగిలిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ముప్పావు గంటలో ముగియవలసిన ప్రయాణం మూడు గంటలు దాటి, ఇంధనం అయిపోయి, చీకటిలో అమెజాన్ అడవి చెట్ల మీద ముగిసింది. విమానంలోని 54 మందిలో ఎక్కువమంది బతికి బయటపడ్డారు.

దాదాపు పాతికేళ్ల తర్వాత, 2015 మార్చి 10న, సిడ్నీ నుంచి కౌలాలంపూర్‌కు బయలుదేరిన ఎయిర్‌ఏషియా ఎక్స్ విమానంలో సున్నా మరోలా కదిలింది. ఎయిర్‌బస్ ఎ330 వంటి పెద్ద విమానాల్లో జడత్వ వ్యవస్థ అనే యంత్రం, తాను మొదట ఎక్కడ ఉన్నదో చెబితే, ఆ చోటు నుంచి ఎటు ఎంత కదిలిందో కొలుచుకుంటూ ప్రస్తుత స్థానాన్ని లెక్కగడుతుంది. అంటే మొదటి అడుగు తప్పయితే తర్వాతి కొలతలు ఎంత కచ్చితమైనా చేరేది తప్పు చోటికే. కెప్టెన్ చేత్తో ఎక్కించిన తూర్పు రేఖాంశం 15109.8 కావలసి ఉండగా 01519.8 అయింది. అంకెలన్నీ అవే, మధ్యలో ఉన్న సున్నా మాత్రం ముందుకు వచ్చి కూర్చుంది. మొదటిది 151 డిగ్రీల 9.8 నిమిషాలు, రెండోది 15 డిగ్రీల 19.8 నిమిషాలు, ఈ తేడా 11,000 కిలోమీటర్లకు మించినది కనుక, సిడ్నీ గేటు దగ్గర నిలిచి ఉన్న విమానం తాను కేప్‌టౌన్‌కు పడమట అట్లాంటిక్ సముద్రం మీద ఉన్నట్టు భావించింది.

ఇక్కడా ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్, ఆ వేళ బయట ఉండటం గమనించదగ్గది. బయటి పరీక్ష మామూలుగా కెప్టెన్ చేయవలసింది. చెవులకు పెట్టుకునే రక్షణ సాధనం ఆయనకు అందుబాటులో లేక ఇద్దరూ పనులు మార్చుకున్నారు. అలవాటైన క్రమం చెదిరినప్పుడు పని జరుగుతుంది గానీ, ఆ క్రమంలో కలిసి ఉన్న సరిచూపు జారిపోతుంది. తప్పును పట్టుకునే అవకాశాలు తర్వాత కూడా కొన్ని వచ్చాయనీ, వచ్చిన సందేశాలను సిబ్బంది గుర్తించలేదనీ ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ నివేదిక చెబుతుంది. నేలను వదిలాక విమానం ఎడమకు తిరిగి, పక్కనే సమాంతరంగా ఉన్న రన్‌వే నుంచి లేచే విమానాల దారిని అడ్డంగా దాటింది. గాల్లో వ్యవస్థలను చక్కదిద్దబోయిన ప్రయత్నం వాటిని మరింత చెడగొట్టింది; సిడ్నీలో మబ్బులు కిందికి దిగడంతో, కంటితో చూసి దిగగల మెల్‌బోర్న్‌కు వెళ్లవలసి వచ్చింది. చేత్తో ఎక్కించిన స్థానాన్ని తనంతట తానే సరిచూసుకోగల కొత్త సాఫ్ట్‌వేర్ అప్పటికే ఉన్నా, అది ఆ విమానంలో లేదు.

అంకెతో పని లేకుండా, మీట దగ్గర పుట్టే తప్పూ ఉంది. 1983లో అలాస్కాలోని యాంకరేజ్ నుంచి లేచిన కొరియన్ ఎయిర్ 007 విమానంలో ఆటోపైలట్, జడత్వ వ్యవస్థ చూపే దారిని పట్టకుండా, స్థిరమైన హెడింగ్‌లోనే ఉండిపోయింది. అసలు దారికి మొదట్లో కొద్ది మైళ్లే ఉన్న ఎడం కొన్ని గంటల్లో విమానాన్ని సోవియట్ గగనతలంలోకి చేర్చింది. సోవియట్ యుద్ధవిమానం దాన్ని కూల్చివేయడంతో 269 మందిలో ఎవరూ మిగలలేదు.

2006 ఆగస్టు 27 తెల్లవారకముందు అమెరికాలోని లెక్సింగ్టన్‌లో దారి తప్పినది రన్‌వే మీదే. రన్‌వే పేరులోని అంకె దాని దిక్కును పదో వంతుకు కుదించి చెబుతుంది. శంషాబాద్‌లోని 09 తూర్పుకు, 27 పడమరకు ముఖం పెట్టినవి. కామెయిర్ విమానం 7,003 అడుగుల 22వ రన్‌వే మీదికి వెళ్లవలసి ఉండి, 3,500 అడుగుల 26వ రన్‌వే మీద పరుగు తీసింది. ఉన్న 50 మందిలో ఫస్ట్ ఆఫీసర్ ఒక్కడే బతికాడు. ఎదురుగా ఉన్న దిక్సూచి ఆ వేళ 220కి బదులు 260 దగ్గర ఉంది. టేకాఫ్‌కు ముందు, తాము నిలిచినది తమకు కేటాయించిన రన్‌వే మీదేనని సిబ్బంది నిర్ధారించుకోవాలని ఆ తర్వాత అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు సిఫారసు చేసింది. నేల మీద తెల్లరంగుతో రాసిన అంకెనూ, దిక్సూచిలోని అంకెనూ పక్కపక్కన పెట్టి పైకి చదవడానికి రెండు మూడు సెకన్లు చాలు.