దువ్విన దూది

పొందూరు ఖద్దరు గురించి మాట్లాడేవాళ్లు నేతను మెచ్చుకుంటారు, నూలు సన్నదనాన్ని మెచ్చుకుంటారు. నా మనసు మాత్రం రాట్నం దాకా పోకుండా అంతకు ముందరి పని దగ్గరే ఆగిపోతుంది. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊళ్లో ఆడవాళ్లు గింజ విడవని పత్తిని కొద్దికొద్దిగా చేతిలోకి తీసుకుని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకున్న సన్నని పళ్లు నలకనూ ఆకుముక్కనూ లాగేసి, చిక్కుపడ్డ పోగుల్ని ఒక దారికి తెస్తాయి. తర్వాత చెక్క మీద ఇనప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు. వింటితో ఏకుతారు. అప్పుడు పొంగుతుంది దూది! ఏకుల్ని ఎండిన అరటి దొప్పలో చుట్టుకుని మరీ వడుకుతారు, చేతి చెమ్మ తగలకుండా.

ఆ నూలు 100 కౌంటు, ఒక్కోసారి 120. నూరు కౌంటంటే ఒక పౌను దూదిలోంచి, అంటే అరకిలో కూడా లేని దూదిలోంచి, 84,000 గజాల నూలు తీయడం. దాదాపు 77 కిలోమీటర్లు! మిల్లుకు పత్తి గట్టిగా నొక్కిన బేళ్లుగా వస్తుంది, దాన్ని యంత్రాలు మళ్లీ బాది విడదీయాలి. ఇక్కడ నొక్కడమూ లేదు, బాదడమూ లేదు. పోగు నలగదు. ఇంత ఓపిక పట్టే చేతుల్లో ఎక్కువ భాగం వయసు మళ్లినవే. వాటికి ముట్టే కూలి తలుచుకుంటే ఆ బట్ట మెత్తదనం నాకు గుచ్చుకుంటుంది.

తేలిగ్గా కనపడేదాన్ని తేలిగ్గా చేశారనుకోవడం మనకు అలవాటు. హాస్య సినిమాలకూ అదే గతి పట్టింది. జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్లంట’ (1987)లో పిసినారి లక్ష్మీపతి కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. నవ్వించాలన్న తొందర ఆ పాత్ర వేసిన కోట శ్రీనివాసరావు ముఖంలో ఎక్కడా ఉండదు. లక్ష్మీపతికి అది నిజంగా కోడికూర భోజనమే. కాస్త కన్ను గీటినా, ఒక్క మాట ఎక్కువైనా ఆ సన్నివేశం చెడేది. ‘శంకరాభరణం’కు మాటలు రాసిందీ ఈ జంధ్యాలే. ఆ కలానికి అక్కడ దండం పెట్టి, ఇక్కడ ఉత్త కాలక్షేపమని తీసిపారేయడం నాకు మింగుడుపడదు.